ఎడమకాలి బ్రేకు

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు చేరేసరికి నలభై రోజులు దాటిపోయాయి. ఉద్యోగం కోసం వరంగల్ విడిచి చాలా ఏళ్లయింది. అమ్మను చూడటానికి మొన్న మట్టెవాడ ఇంటికి వెళ్లాను. కూరగాయలు తెచ్చి సంచి దించుతూ అమ్మ అంది: "పోచమ్మ మైదాన్ ఉస్తాద్ పోయాడటరా. నలభయ్యో దినం కూడా అయిపోయిందట. నీకు ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఆయన నెంబరు నా ఫోనులో ఇంకా ఉంది.

కాసేపు అలాగే కూర్చుని, లేచి వెనక వరండాలోకి వెళ్లాను. నాన్న బుల్లెట్ అక్కడే గోనెసంచుల కింద ఉంది. నాన్న పోయాక దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. కొంటామని ఇద్దరు ముగ్గురు వచ్చారు గానీ అమ్మ ఒప్పుకోలేదు. సంచులు తొలగించి ఎడమపక్క నేల మీద కూర్చున్నాను. బ్రేకు పెడల్‌ను అరచేత్తో నొక్కితే ఎక్కడా అడ్డు లేకుండా అడుగుదాకా దిగిపోయింది. రాడ్డు కిర్రుమంది. ఆ కదలికకు డ్రమ్ము సందులోంచి చిటికెడు నల్లపొడి రాలింది. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను.

ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డ్రమ్ముకు రాసుకుని చక్రాన్ని ఆపే లైనరు పట్టీ కాలిన కంపు, ఇనుము, ముదిరిన గ్రీజు కలిసిన వాసన. అందులో గ్యాస్‌నూనె వాసన ఒక్కటే తక్కువ. కిరోసిన్‌ను మా వైపు గ్యాస్‌నూనె అనే అనేవాళ్లం. అదీ ఉంటే నేను ఉస్తాద్ షెడ్డులో కూర్చున్నట్టే.

*

పోచమ్మ మైదాన్ దాటి ములుగు రోడ్డులో కొంత దూరం పోతే ఒక వేపచెట్టు, దాని కింద రేకుల షెడ్డు. బోర్డు లేదు. బండి పేరు చెప్పి అడిగితే ఎవరైనా చూపించేవారు. ఉస్తాద్ పొద్దున్నే వచ్చి ముందు నేల మీద నీళ్లు చల్లేవారు, విప్పిన సామాను మీద దుమ్ము పడకూడదని. శుక్రవారం అయితే ఊదు పొగ వేసేవారు. ఆ పొగ, వేపపూత వాసన, గ్యాస్‌నూనె వాసన కలిసిపోయి ఉండేవి. మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్‌కు బస్తాల బండ్లు వరస కట్టి పోతుంటే ఆ ఘాటు షెడ్డుదాకా వచ్చేది. ఉస్తాద్ మొహానికి తువ్వాలు కట్టుకుని, చేతిలోని పని మాత్రం ఆపేవారు కాదు.

పానాలన్నీ గోడకు మేకుల మీద వేలాడేవి. ఒక్కోదాని వెనక గోడ మీద దాని ఆకారమే నల్లగా పడి ఉండేది. సాయంత్రం ఏదైనా పానా తిరిగి రాకపోతే ఆ ఖాళీ ఆకారమే చెప్పేది. స్ప్లిట్ పిన్నులు, వాషర్లు, చైన్ క్లిప్పులు ఒక పసుపురంగు బిస్కెట్ల రేకుడబ్బాలో ఉండేవి. ఆ డబ్బాను ఆడించి, చప్పుడును బట్టి లోపల ఏం తగ్గాయో చెప్పేవారు. నేను నమ్మక మూత తీసి చూసేవాణ్ని. ఆయన చెప్పిందే నిజమయ్యేది.

రోజుకు గడియారం ఆజంజాహి మిల్లు కూత. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. మధ్యాహ్నం కూత వినబడగానే ఉస్తాద్ చేతులు కడుక్కుని డబ్బా విప్పేవారు. తర్వాత మిల్లు మూతపడింది. మూతపడ్డాక కూడా చాలా నెలలు, ఆ వేళకు ఆయన తల ఎత్తి కాసేపు ఊరుకునేవారు. ఆ మిల్లు మీద బతికిన ఇళ్లు మా వాడలోనూ ఉండేవి. ఆ నిశ్శబ్దం ఎంత పెద్దదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

*

నాన్న పరకాల వైపు ఒక పల్లెలో బడిపంతులు. బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అందుకని అప్పు చేసి ఒక పాత బుల్లెట్ కొన్నారు. 346 సీసీ, నల్లరంగు, టాంకు మీద బంగారు గీత. కిక్కు కొట్టడమే ఒక పూజలా ఉండేది. డీకంప్రెషన్ లివర్ పట్టుకుని, అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా దించి, లివర్ వదిలి, అప్పుడు ఒక్కటి బలంగా. నాన్న ఇంటిమలుపు తిరుగుతున్నారంటే ఆ చప్పుడుకే అమ్మ స్టవ్ మీద నీళ్లు పెట్టేది.

ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది గానీ, ఆ పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. గేరు పైకి ఒకటి, కిందికి మూడు. చైనూ ఎడమపక్కే, బ్రేకు డ్రమ్మూ ఎడమపక్కే. చైను చక్రం ఆ డ్రమ్ముకే ఉంటుంది. తర్వాత వచ్చిన బండ్లలో గేరు ఎడమకు మారిపోయింది. నాన్న చెప్పుల జతలో ఎప్పుడూ ఎడమ చెప్పే ముందు అరిగేది. చెప్పులు కుట్టే ఆయన ఒకసారి అడిగితే నాన్న బండి చూపించారు.

ఆదివారాలు నాన్న నన్ను షెడ్డుకు తీసుకెళ్లేవారు. ఆయన, ఉస్తాద్ వేపచెట్టు కింద చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ మాట్లాడుకునేవారు. నాన్న ఆయన్ని "భాయ్" అనేవారు, ఆయన నాన్నను "సార్" అనేవారు. నేను పానాలు అందించేవాణ్ని.

ఉస్తాద్ నాకు మొదట నేర్పింది విప్పడం కాదు. "ముందు పెడల్‌ను అడుగు బేటా, తర్వాత పానా పట్టు" అనేవారు. పెడల్ మీద నా చెయ్యి పెట్టించి, దాని మీద తన చెయ్యి పెట్టి మూడుసార్లు నొక్కించేవారు. పెడల్ పట్టు లేకుండా అడుగుదాకా దిగితే లైనరు అరిగింది, లేదా రాడ్డు నట్టు వదులైంది. పెడల్ గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే, లైనరుకు నూనె తగిలింది లేదా దాని ముఖం గాజులా మెరుగెక్కింది. నొక్కిన పెడల్ తిరిగి పైకి రాకపోతే, లైనర్లు బిగించిన షూలను డ్రమ్ముకు నెట్టే క్యామ్ ఎండిపోయింది, లేదా స్ప్రింగు చచ్చింది. బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలికింద కొట్టుకుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేత్ మీద పెట్టించాల్సిందే. ఈ నాలుగూ ఆయన ఎప్పుడూ వరసగా చెప్పలేదు. నాలుగు బండ్ల మీద, నాలుగు ఆదివారాల్లో నా చేతికి తెలిసేలా చేశారు.

రాడ్డు చివర మర ఎంత మిగిలిందో చూపించి, "లోపల లైనరు ఎంత మిగిలిందో ఇక్కడే కనిపిస్తుంది" అనేవారు. లైనరు అరిగేకొద్దీ నట్టు ముందుకు బిగిస్తూ పోతాం. మర అయిపోయిందంటే లైనరు అయిపోయినట్టే. బ్రేకు పట్టే వేళకు రాడ్డుకూ క్యామ్ చేతికీ మధ్య మూల సరిగ్గా ఉండాలి, గోడల మూలలాగా. ఆ చెయ్యి అది దాటి ముందుకు వాలిపోయిందంటే ఎంత బలంగా తొక్కినా పట్టు రాదు.

*

మేడారం జాతర రెండేళ్లకొకసారి, మాఘ పున్నమికి. ఆ ఏడు అమ్మ, చెల్లి చుట్టాలతో బస్సులో ముందే వెళ్లారు. నాన్న, నేను బుల్లెట్ మీద. వెనక క్యారియర్ మీద అమ్మవార్లకు ఇచ్చే బంగారం, అంటే బెల్లం, బుట్టలో కట్టి ఉంది.

బయలుదేరే ముందు రోజు నేను బండికి సేవ చేశాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే. చైనుకు నూనె పోశాను. బ్రేకు ప్లేటు మీద క్యామ్ తిరిగే చోట కూడా ధారగా పోశాను. అది కిర్రుమంటోందని నాన్న అంతకుముందు అనడం విన్నాను. నూనె కారి రిమ్ము మీదికి వస్తే గుడ్డతో తుడిచాను. చాలా శ్రద్ధగా తుడిచాను.

గూడెప్పాడ్, మల్లంపల్లి, జాకారం దాటాం. దారి పొడుగునా ఎడ్లబండ్లు, బండ్ల కింద కట్టిన లాంతర్లు, బండి వెనక కట్టేసిన మేకపోతులు. పొద్దు పొడుస్తోంది. ములుగుకు ముందు గట్టమ్మ గుట్ట దగ్గర అందరూ ఆగి తల్లికి కొబ్బరికాయ కొట్టి ముందుకు పోవడం ఆనవాయితీ. ఆ వాలులో ముందు ఒక ఎడ్లబండి ఆగి ఉంది. నాన్న ఎడమకాలు కదలడం వెనక కూర్చున్న నాకు తెలిసింది. బండి వేగం మాత్రం తగ్గలేదు. నాన్న మళ్లీ తొక్కారు. పెడల్ బిగుసుకుని ఉంది, చక్రం తన దారిన తిరుగుతోంది.

ఆయన కేక వేయలేదు. కుడికాలితో గేరు రెండుకు తెచ్చారు. ఇంజన్ గర్జించింది, నేను ఆయన వీపుకు కొట్టుకున్నాను. ముందు బ్రేకును పట్టీ పట్టనట్టు పట్టుతూ బండిని రోడ్డు దించి ఇసుకలోకి నడిపారు. ఎడ్లబండి వెనక వేలాడుతున్న నీళ్లకుండకు మూర దూరంలో ఆగాం. ఆ కుండ ఊగుతోంది. దాని చెమ్మకు అంటుకున్న ఎర్రదుమ్ము కూడా నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నాన్న దిగి వెనక చక్రం చూశారు. రిమ్ము మీద, చువ్వల మీద నూనె గీతలు. నన్ను చూశారు. ఏమీ అనలేదు. గట్టమ్మకు కాయ కొట్టి, బండిని ములుగులో తెలిసిన పంతులుగారి ఇంట్లో పెట్టి, మేడారానికి బస్సులో వెళ్లాం. ఆ జాతరలో జంపన్న వాగు స్నానం, జనం, శివసత్తుల పూనకాలు ఏవీ నాకు సరిగ్గా గుర్తులేవు. నీళ్లకుండ గుర్తుంది.

*

తిరిగి వచ్చాక బండిని రెండో గేరులో, ముందు బ్రేకు మీదే, మెల్లగా షెడ్డుకు చేర్చారు నాన్న. ఉస్తాద్ చక్రం దించి ప్లేటు బయటికి తీసి, ఒక షూను ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత దాన్ని పట్టకారుతో పట్టి స్టవ్ సెగ మీద చూపించారు. చూస్తుండగానే లైనరు లోంచి నూనె చెమటబొట్లలా పైకి వచ్చింది.

"ఎవరు పోశారు?" అని నన్నే చూస్తూ అడిగారు. చెప్పాను.

"సార్‌కు చెప్పావా?"

"లేదు."

"వెళ్లి చెప్పి రా. అప్పుడు మొదలుపెడదాం."

నాన్న వేపచెట్టు కింద ఉన్నారు. చెప్పాను. "తెలుసు, నువ్వే వచ్చి చెబుతావని ఆగాను" అన్నారు.

నూనె తాగిన లైనరును పెట్రోలుతో కడిగి, రేగ్‌మాల్ కాగితంతో రుద్ది మళ్లీ ఎక్కించేవాళ్లు ఉన్నారు. బ్రేకు రెండు రోజులు పనిచేస్తుంది, వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. ఉస్తాద్ ఆ పని చేయరు. పాత రివిట్లను చేతి బర్మాతో తొలిచి లైనర్లు ఊడదీశారు. కొత్త లైనరును షూ మీద ఆనించి బిగించి, రివిట్లు కొట్టే పని నా చేతికి ఇచ్చారు. మధ్య రివిట్లు ముందు, తర్వాత అటూ ఇటూ చివర్లకు. చివర్ల నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బి ఖాళీ మిగులుతుంది. రివిట్టు తల లైనరు ముఖానికి లోపలే మునిగి ఉండాలి, లేకపోతే డ్రమ్మును గీస్తుంది. ఒక్కో రివిట్టు కొట్టాక దాని మీద నా వేలు పెట్టించి రాయించేవారు. తగలకూడదు. ఎనిమిదోది తగిలింది. అది తొలిచి మళ్లీ కొట్టించారు. చివరికి లైనరు అంచులను ఆకురాయితో వాలుగా గీశారు, పట్టేటప్పుడు కీచుమనకుండా.

డ్రమ్ములో పొడిని ఆయన నోటితో ఊదేవారు. అప్పటి లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులకు ఎంత చేటో ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. తలచుకుంటే ఇప్పుడు నాకు గుండె బరువెక్కుతుంది. ఇప్పుడు నేను తడిగుడ్డతో తుడుస్తాను, మూతికి గుడ్డ కట్టుకుంటాను.

క్యామ్‌కు గ్రీజు ఎంత పెట్టాలో ఆ రోజే చూపించారు. చిటికెనవేలి కొనకు అంటినంత. అంతే.

చక్రం ఎక్కించాక నా పని పెడల్ నొక్కి పట్టుకోవడం. ఇరుసు నట్టు పూర్తిగా బిగించేముందు బ్రేకు నొక్కి ఉంచితే షూలు రెండూ డ్రమ్ముకు సమంగా ఆనుకుని ప్లేటు తన చోట తాను కూర్చుంటుంది. ఆ స్థితిలోనే బిగించాలి. "వదలకు, వదలకు" అంటూ ఆయన పానా లాగేవారు. నా చేతులు వణికేవి. చైను లింకు క్లిప్పు పెట్టేటప్పుడు నాకు చూపించి అడిగేవారు, "చేప ఎటు ఈదాలి?" ఆ క్లిప్పు చేప ఆకారంలోనే ఉంటుంది. మూసి ఉన్న తలవైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి, చీలిన తోక వెనక్కి. "ముందుకు" అనేవాణ్ని.

*

ఒక విషయంలో ఉస్తాద్‌కు చాలా కోపం ఉండేది. లైనరు అరిగిపోయినప్పుడు షూ చివర, క్యామ్ ఆనే చోట చిన్న రేకుముక్క తొడిగితే పెడల్ మళ్లీ పైకి వస్తుంది. కొత్త లైనర్ల ఖర్చు తప్పుతుంది. రోడ్డు మీద చాలామంది చేసే పనే. ఒకసారి బియ్యం మిల్లు ఆయన ఒకరు వచ్చి, రేకు పెట్టి ఇప్పటికి పంపెయ్యమన్నారు. ఉస్తాద్ పానా కింద పెట్టేశారు. "రేకు పెడితే పెడల్ పైకి వస్తుంది సేఠ్, లైనరు రాదు. మీకు బ్రేకు ఉందనిపిస్తుంది. ఉండదు." ఆయన వేరే చోటికి వెళ్లిపోయారు. ఆ రోజుకు అదొక్కటే బేరం.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. రోడ్డు వెడల్పు చేశారు, వేపచెట్టు పోయింది, షెడ్డు సందులోకి జరిగింది. డిస్కు బ్రేకుల బండ్లు వచ్చాయి. ఉస్తాద్ కొడుకును ఈ పనిలోకి రానివ్వలేదు. "ఈ నల్లచేతులు నాతో చాలు" అనేవారు. అతను సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు.

*

కబురు తెలిసిన మరునాడు వాళ్లింటికి వెళ్లి వచ్చాను. ఆ తర్వాతి ఆదివారం ఉస్తాద్ కొడుకే మా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన ఇరుసు పానా ఉంది. "నాన్న సామానంతా ఇచ్చేస్తున్నాం అన్నా. ఇది మాత్రం మీ దగ్గర ఉండాలని అమ్మ అంది."

వరండాలో బుల్లెట్ చక్రం అప్పటికే సగం విప్పి ఉంది. అతను చొక్కా చేతులు మడిచి పక్కన కూర్చున్నాడు. ఆ పానాతోనే ఇరుసు నట్టు తిప్పాను. చైను క్లిప్పు ఊడదీసి, రాడ్డు నట్టు విప్పి, ప్లేటు పట్టే నట్టు తీసి చక్రం బయటికి లాగాం. ప్లేటు తిప్పి చూస్తే లైనర్లు రివిట్ల తలలదాకా అరిగి ఉన్నాయి.

రెండు షూల చివర్లకూ, క్యామ్ ఆనే చోట, టోపీలా వంచి తొడిగిన రేకుముక్కలు.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఎవరో వేరేవాళ్ల పని అనుకున్నాను. పట్టకారుతో ఒకటి లాగి తీసి గ్యాస్‌నూనెలో కడిగాను. అంచులు నున్నగా ఆకురాయి పట్టించి ఉన్నాయి. మూలలు గుండ్రంగా తీసి ఉన్నాయి. రేకు లోపలివైపు, క్యామ్ రాయని చోట, ఇంకా పసుపురంగు ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చూపిస్తే కాసేపు ఆలోచించి చెప్పింది. నాన్నకు ఒంట్లో బాగుండని ఆ ఆఖరి రోజుల్లో భద్రకాళి గుడిదాకా తప్ప బండి మీద ఎక్కడికీ పోయేవారు కాదు. ఒక సాయంత్రం బ్రేకు పట్టడం లేదని ఫోను చేస్తే ఉస్తాద్ సంచి పట్టుకుని ఇంటికే వచ్చారట. ఆ వేళకు లైనర్లు దొరకలేదు. రేపు శుక్రవారం గుడికి పోవాలని నాన్న పట్టుబట్టారు. పని అయ్యాక అమ్మ డబ్బులు ఇవ్వబోతే ఉస్తాద్ పుచ్చుకోలేదు. "ఇది పని కాదమ్మా. వారంలో లైనర్లు తెచ్చి పని చేస్తాను, అప్పుడు ఇవ్వండి. సార్‌ను గుడి దాటి పోనివ్వకండి" అన్నారట.

ఆ వారం తిరగకుండానే నాన్నను ఆస్పత్రిలో చేర్చాం. తిరిగి రాలేదు. లైనర్లు పట్టుకుని ఉస్తాద్ వచ్చిన రోజు ఇంటి ముందు టెంటు ఉందట. అమ్మకు అది లీలగా గుర్తు. చేతిలో ఏదో పొట్లం ఉంది అంది.

కొడుకు రెండో రేకు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "ఇది నేను ఉంచుకుంటాను అన్నా" అన్నాడు. మొదటిది నాన్న కళ్లద్దాల పెట్టెలో పెట్టాను.

కొత్త షూలు మండీబజార్లో దొరికాయి. ఇప్పుడు లైనరు అంటించే వస్తుంది, రివిట్ల పని లేదు. డ్రమ్ము బాగానే ఉంది, తడిగుడ్డతో తుడిచాం. క్యామ్‌కు చిటికెనవేలితో గ్రీజు పెట్టాను. చక్రం ఎక్కించి, చేపను ముందుకు ఈదేలా క్లిప్పు పెట్టి, ప్లేటు నట్టు రెండుసార్లు చూసుకుని, అతన్ని పెడల్ నొక్కి పట్టుకోమన్నాను. రెండు చేతులతో పట్టాడు. నేను పానా లాగుతుంటే అతని చేతులు వణికాయి.

"వదలనా అన్నా?"

"అప్పుడే వద్దు."

ఇంజన్ సంగతి వేరే కథ. కార్బొరేటర్, టైర్లు, బ్యాటరీ కలిపి ఇంకో నాలుగు రోజులు పట్టింది. అది స్టార్టయిన సాయంత్రం అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అతన్ని వెనక ఎక్కించుకుని పోచమ్మ మైదాన్ దాటి ములుగు రోడ్డు ఎక్కాను. షెడ్డు ఉండిన చోట ఇప్పుడు రోడ్డే ఉంది. అక్కడికి రాగానే ఎడమకాలు మోపాను. పెడల్ బొటనవేలి గోరంత దిగి, పట్టింది. బండి ఆగింది. వెనకనుంచి అతను కాసేపటిదాకా దిగలేదు.